పోగు కోసిన పన్ను

ఎముకలను గోనెసంచిలో వేసి, ధర్మవరం నుంచి పెనుకొండకు ప్యాసింజరు బండిలో తెచ్చారు. సంచిని బెంచీ కిందికి తోసేశారట. దారి పొడుగునా జనం దాని మీద కాళ్లు చాపుకొని వేరుశనగ బుడ్డలు ఒలుచుకు తిన్నారట. ఈ ముచ్చట నాకు చెప్పింది సంచి తెచ్చిన హెడ్డు కానిస్టేబులే. చెప్పి నవ్వాడు కూడా.

"దాంట్లో ఏముండాదో వాళ్లకి తెలిస్తే గదమ్మా!" అన్నాడు.

అరవైల్లో మాట ఇది. నేను హిందూపురం పిల్లను. మద్రాసులో డాక్టరీ చదివి, పెనుకొండ ఆసుపత్రిలో కాన్పులు చూడటానికి చేరి అప్పటికి రెండేళ్లు. శవపరీక్షలు నా పని కాదు. కానీ ధర్మవరం డాక్టరు సెలవులో ఉన్నాడు, మా పెద్ద డాక్టరు అనంతపురం వెళ్లాడు. మిగిలింది నేను. వరండాలో కడుపుతో ఉన్నవాళ్లు పదిమంది వరసగా కూర్చుని ఉన్నారు. హెడ్డుకేమో సాయంత్రం బండి అందుకోవాలి.

"బత్తలపల్లి దావలో ఒక ఆసామి పాత బాయి పూడిక తీస్తాంటే బయటపడినాయి. ఎవడో దిక్కులేనోడు. మొగోడు, పాత ఎముకలు అని రెండు ముక్కలు రాసిస్తే మా పని అయిపోతాదమ్మా" అన్నాడు.

సంచి విప్పి బల్ల మీద పరిపించాను. పగిలిన పుర్రె, దాన్ని అంటుకుని ఉన్న పై పలువరస, కింది దవడ, తొడ ఎముకలు రెండు, దండచేతుల ఎముకలు రెండు, కొన్ని పక్కటెముకలు. దండచేతి ఎముకను చేతిలోకి తీసుకున్నాను. కండ అతుక్కునే చోట ఎత్తుగా, గరుగ్గా ఉంది. బాగా బరువు మోసిన చెయ్యి. జ్ఞానదంతాలు అప్పుడప్పుడే పైకి వస్తున్నాయి కాబట్టి ఇరవై, ఇరవై రెండేళ్ల వయసు. ముందు పన్ను ఒకదాని అంచులో చిన్న నొక్కు కనబడింది. ఏ రాయో తగిలి ఉంటుందిలే అనుకున్నాను. 'సుమారు ఇరవై రెండేళ్లు, బహుశా మగమనిషి' అని రాసి సంతకం పెట్టాను. అంతా కలిపి పావుగంట పట్టలేదు.

ఆ పావుగంటను తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆడవాళ్ల చేతులు ఎలా ఉంటాయో నాకు తెలియక కాదు. మా అవ్వ తెల్లారకముందే లేచి ఇంటికంతటికీ రాగులు విసిరేది. ఆమె దండచెయ్యి మా నాయన చేతికంటే లావు. ఆ చేతుల మీద పెరిగినదాన్ని, బలమైన ఎముక కనబడగానే మగవాడని రాసేశాను! ఇంగ్లీషు పుస్తకంలో ఆడవాళ్ల ఎముకలు సన్నగా, నున్నగా ఉంటాయని చదివాను మరి. ఏ ఊరి ఆడవాళ్లో వాళ్లు! విసుర్రాయి పట్టి ఉండరు, బిందె మోసి ఉండరు.

దానికంటే సిగ్గుమాలిన సంగతి ఇంకోటి ఉంది. ఆడామగా తేడాను అన్నిటికంటే బాగా చెప్పేది కటి ఎముక. బిడ్డ బయటికి వచ్చే దారి అది. కాన్పులు చూసేదాన్ని కాబట్టి ఆ దారి వెడల్పును రోజూ వేళ్లతో అంచనా వేసేదాన్ని. ఆ ఎముక సంచిలో లేదు. ఏదయ్యా అని అడగను కూడా లేదు.

పది రోజుల తర్వాత ఒక పొద్దున ఆసుపత్రి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి. నా గదిలోకి రమ్మంటే వచ్చింది, కూర్చోమంటే కూర్చోలేదు. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా తల్లీ, నా బిడ్డను మొగోణ్ణి చేసింది?" అంది.

ఆమే చెప్పుకొచ్చింది.

ఆమెది ధర్మవరం, మగ్గాల వీధి. అచ్చులు అతికే పని. మగ్గం మీద చీరలు దిగిపోయాక, పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్క పోగుగా కలపాలి. వేల పోగులుంటాయి. వాళ్ల వీధిలో అది పూర్తిగా ఆడవాళ్ల పని. ఒక్కగానొక్క కూతురికీ అదే పని నేర్పి, అదే వీధిలో నాలుగిళ్ల అవతలికే ఇచ్చింది. అత్తగారింట్లో పట్టు ఉడకబెట్టే పని కూడా ఉండేది. ఉప్పునీళ్లలో ఉడికిస్తే పట్టుకు మెరుపు రాదు, రంగు సరిగా పట్టదు. వీధి బావుల్లోనేమో ఉప్పునీళ్లే. అందుకని ఊరి బయట బత్తలపల్లి దారిలో ఉన్న ఆసామి బావి నుంచి మంచినీళ్లు మోసుకొచ్చేవాళ్లు. నాలుగేళ్ల కిందట ముసురు పట్టిన రోజుల్లో, ఆ పిల్ల ఇత్తడి బిందె తీసుకుని ఆ బావికే పోయింది. తిరిగి రాలేదు.

సాయంత్రానికల్లా వీధి తేల్చేసింది. లేచిపోయింది! ఎవరితో? గాజులమ్మేవాడితో. సాక్ష్యం? ఆ వారమే అతను వీధిలోకి వచ్చాడు, గాజులు తొడిగించుకుంటూ ఆ పిల్ల నవ్వింది. మీ తెలివి తెల్లారినట్టే ఉంది! కొత్త గాజులు తొడిగించుకుంటూ నవ్వక ఏడుస్తారా?

"బిందె గూడా ఎత్తకపోయిందని అత్తగారోళ్లు పంచాయితీ పెట్టిరి తల్లీ" అందామె. "లేసిపోయేది ఎవురన్నా బిందె సంకన పెట్టుకోని లేసిపోతాదా అప్పా అని అడిగితి. నోరు మూసుకోమనిరి. దానికి బదులని మా ఇంట్లో బిందె తీసకపోయి వాళ్లింట్లో పెట్టుకునిరి."

"ఆ గాజులాయన ఏమయ్యాడు?"

"మర్సటేడు మల్లా వచ్చినాడు, గంప ఎత్తుకోని. ఒక్కడే! పిల్లను యాడ దాచిపెట్టినావురా అని తన్ని తరిమిరి. ఆయప్ప ఏడ్సుకుంటా పాయ."

ఒక్కడే వచ్చాడంటే వాడు ఎవరినీ తీసుకుపోలేదని కదా అర్థం! అబ్బే, ఆ వీధికి అర్థం కావలసిన అవసరం లేదు. ఒకసారి అనేసిన మాటను వెనక్కి తీసుకోవడం కంటే, వచ్చినవాణ్ణి తన్నడం సులువు.

"బాయి కట్ట ఇరిగిపడింది గూడా ఆ పొద్దే తల్లీ" అంది. "బాయిలో సూడండప్పా, బాయిలో సూడండప్పా అని కనబడినోళ్ల కాళ్లంతా పట్టుకుంటి. బాయంతా మన్ను పడి పూడిపాయ, ఎవురు తవ్వేది అనిరి."

బావి కట్ట కూలిందీ, పిల్ల మాయమైందీ ఒకే రోజు. రెండు సంగతులూ అందరికీ తెలుసు. రెండింటినీ కలిపి చూడటానికి ఒక్కరికీ మనసొప్పలేదు. మన్ను తవ్వాలంటే నడుము వంచాలి, ఆడదాన్ని మాట అనాలంటే నాలుక ఆడిస్తే చాలు. పైగా శిక్ష ఎవరికి? తల్లికి! అలాంటి కూతుర్ని కన్నదాని చేత అచ్చు అతికించకూడదని కులపెద్దలు కట్టడి చేశారు. చిన్నప్పటి నుంచీ తెలిసిన ఒక్క పనినీ లాగేసుకుంటే, నాలుగేళ్లుగా ఆమె బుడ్డలు ఒలిచే కూలికి పోతోంది. ఇప్పుడు ఎముకలు బయటపడ్డాయని విని పోలీసు స్టేషనుకు పరుగెత్తితే, 'మొగోడని డాక్టరమ్మే రాసింది, పో' అన్నారు. నాలుగేళ్లు ఊరు చేసిన పనికి చివర్న సంతకం పెట్టింది నేనన్నమాట.

"నీ బిడ్డవే అని ఎట్ల చెప్తావమ్మా?" అని అడిగాను.

ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చి, వెలుతురుకు తిరిగి నోరు తెరిచింది. పై పెదవిని వేలితో ఎత్తి పట్టింది. ముందు పన్ను అంచులో చిన్న నొక్కు. రంపంతో కోసినట్టు సన్నగా, నున్నగా ఉంది.

"అతికేటప్పుడు పోగు కొసను ఈడ బిగబట్టి, రెండు సేతులా పురి పెడతాం. మల్లా పంటితోనే తెంపుతాం. ఏడేండ్ల పిల్లప్పటి నుంచి ఇదే పని. మా వీధిలో అతికే ఆడోళ్లందరికీ ఉంటాది తల్లీ. పోగు పంటినే కోస్తాది."

సంచి ఇంకా మా సామాన్ల గదిలోనే ఉంది, పెద్ద డాక్టరు అనుమతి ఇచ్చాక పాతిపెట్టిద్దామని మూలన పెట్టించాను. వెళ్లి పుర్రె తీశాను. పది రోజుల కిందట రాయి తగిలిందిలే అని వదిలేసిన పన్ను. భూతద్దంలో చూశాను. రాయి తగిలి విరిగితే అంచు మొనలు తేలి ఉండాలి. ఇది లోపలి దాకా అరిగి నున్నబడి ఉంది. నొక్కు అదే పంటికి, అదే చోట. ఏళ్ల తరబడి పట్టుపోగు చేసిన పని అది.

తిరిగి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇది అచ్చు అతికిన ఆడమనిషి పన్నే. నేను రాసింది తప్పు. కానీ మీ వీధిలో అందరికీ ఉంటుందన్నావు గదా, నీ బిడ్డదే అని చెప్పాలంటే ఇంకో గుర్తు కావాల."

"ఎడం సెయ్యి" అంది వెంటనే. "తొమ్మిదేండ్లప్పుడు మిద్దె మీంచి పడింది. ముంజెయ్యి ఇరిగితే వెదురు దబ్బలు పెట్టి కట్టు కట్టిరి. వంకరగా అతుక్కునింది. సన్నపిల్లప్పుడంతా అందరూ వంకరచెయ్యి అని ఎక్కిరిస్తాండ్రి."

సంచంతా వెతికాను. ముంజేతి ఎముకలు లేవు. పోలీసులు వంటచెరుకు ఏరినట్టు పెద్దపెద్దవి ఏరుకుని తక్కినవి అక్కడే వదిలేశారు. మరుసటి రోజు సెలవు పెట్టి, ఆమెతో కలిసి ధర్మవరం బండి ఎక్కాను. పెద్ద డాక్టరు వద్దన్నాడు. కాన్పుల డాక్టరుకు బావుల్లో ఏం పని అన్నాడు. తప్పు రాసినప్పుడు మాత్రం ఎవరూ ఆ మాట అడగలేదండీ అన్నాను.

స్టేషనులో అదే హెడ్డు. నన్ను చూసి తల పట్టుకున్నాడు. "మూసేసిన కేసు గదమ్మా, ఏంటికి మల్లా గెలికేది?" అన్నాడు. నా చేతులతో రాసింది నా చేతులతోనే దిద్దుకుంటాను, నువ్వు రాకపోతే రాలేదని కూడా రాస్తాను అన్నాను. సైకిలు పట్టుకుని వెంట వచ్చాడు.

బావి దగ్గర ఆసామి గొడుగు వేసుకుని నిలబడ్డాడు. తీసిన మన్ను గట్టు మీద కుప్పగా పోసి ఉంది. అప్పట్లో బావికి ఒక పక్క రాతికట్టు లేదట. ముసురుకు నాని ఆ పక్కంతా విరిగిపడిందట. ఆ రోజు బావిలో ఎవరైనా ఉన్నారేమోనని చూడలేదా అని అడిగాను.

"ఏంటికి సూడలేదమ్మా, సూసినాం" అన్నాడాయన, ఎంతో నెమ్మదిగా. "మా గొడ్లన్నీ లెక్క సూసుకుంటిమి. అన్నీ ఉండె. ఇంగ బాయిలో ఏముంటాదిలే అనుకుంటిమి."

"గొడ్లకుండే లెక్క మనిషికి లేకపాయెనా అప్పా?"

"మనుసుల లెక్క వాళ్లింటోళ్లు సూసుకోవాల గదమ్మా."

దుర్మార్గంగా అన్న మాటైతే తిట్టి ఉండేదాన్ని. ఆయన మామూలుగా అన్నాడు, వానలు ఎప్పుడు పడతాయో చెప్పినట్టు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఊళ్లోంచి రెండు జల్లెడలు తెప్పించి, ఇద్దరు కూలీలను పెట్టి, మన్నంతా జల్లించాం. ఆమె ఒక జల్లెడ లాక్కుని తానే కూర్చుంది. ముందు పచ్చగాజు ముక్కలు వచ్చాయి. మెట్టెలు, తాళిబొట్టు రాలేదు. అవి ఏమయ్యాయో మొదట మన్ను ఎత్తినవాళ్లకే తెలియాలి. మధ్యాహ్నానికి కటి ఎముక దొరికింది. దాన్ని చేతిలోకి తీసుకోగానే నా వేళ్లకు తెలిసిపోయింది. వెడల్పుగా తెరుచుకున్న ఎముక, ఏ అనుమానమూ లేదు. ఆడమనిషి. ఇంకో గంటకు ఆమె జల్లెడలో ఒక సన్నటి ఎముక మిగిలింది. ముంజేతిది, ఎడమది. నడుమ ఒకచోట ఉబ్బెత్తుగా అతుక్కుని, అక్కడి నుంచి పక్కకు వంగి ఉంది.

ఆమె దాన్ని నాకు ఇవ్వలేదు. కొంగుతో తుడిచి తన ఎడమ ముంజేతి పక్కన పెట్టుకుని చూసుకుంది. ఏడవలేదు. "ఇదే తల్లీ, ఇదే సెయ్యి" అని మాత్రం అంది. ఏడ్చింది నేను. హెడ్డు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

పొద్దు వాలే వేళకు ఒక కూలీ పార ఠంగుమని మోగింది. బిందె బయటపడింది. రాయి మీద పడి ఒక పక్క నలిగిపోయి ఉంది. మెడ మీద అత్తగారింటి పేరు చెక్కి ఉంది, ఇంకా చదవవచ్చు.

పెనుకొండకు తిరిగి వచ్చి కొత్త రిపోర్టు రాశాను. పన్ను, కటి ఎముక, ముంజెయ్యి, గాజు ముక్కలు, బిందె అన్నీ రాశాను. ఆమె నా పక్కనే నిలబడి ఏం రాశానో తెలుగులో చదివి చెప్పమంది. విని తల అడ్డంగా ఊపింది.

"నా బిడ్డ యాడికీ పోల్యా అని రాయి తల్లీ."

"అది అందులోనే వస్తుంది గదమ్మా."

"మీకొస్తాది. మా వీధికి రాదు. యాడికీ పోల్యా అని రాయి."

రాశాను. 'ఈమె బిందెతో నీళ్లకు వెళ్లి, బావి కట్ట కూలి మరణించింది. మరెక్కడికీ వెళ్లలేదు.' పెద్ద డాక్టరు చదివి చివరి వాక్యం కింద గీత గీశాడు. అది వైద్యం కాదమ్మా, కొట్టెయ్ అన్నాడు. నేను కొట్టెయ్యలేదు. ఆ వాక్యం కోసం పైనుంచి నాకు ఒక మెమో కూడా వచ్చింది. అనవసర వ్యాఖ్య చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. నాలుగేళ్లు ఒక వీధి వీధంతా వ్యాఖ్యలు చేస్తే సంజాయిషీ అడిగినవాడు లేడు!

పోలీసులు ఎముకలను తల్లికి అప్పగించిన రోజు నేనూ ధర్మవరం వెళ్లాను. కాగితం చదివి వినిపించడానికి రమ్మని ఆమె అడిగింది. పంచాయితీ జరిగిన కులపెద్ద అరుగు ముందే ఎముకల మూట పెట్టింది. జనం మూగారు. నేను ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాను. చివరి వాక్యం రెండుసార్లు చెప్పాను.

కులపెద్ద గొంతు సవరించుకుని, "సరేలేమ్మా, అయ్యిందేదో అయిపాయ. చేసే కార్యం చేసుకో. రేపట్నుంచి అతికేకి రా" అన్నాడు. పిల్ల భర్త ఇల్లు ఆ ఎదురుగానే. పిల్ల మాయమైన ఏడాదిలోనే అతనికి మళ్లీ పెళ్లయింది. తలుపు తెరిచే ఉంది, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి కనబడుతూనే ఉన్నాడు. గుంటలోంచి కాళ్లు తియ్యలేదు.

ఆమె అతని వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడిన వియ్యపురాలి దగ్గరికి వెళ్లి, నలిగిన బిందెను గడప ముందు పెట్టింది.

"ఇదో మీ బిందె. మా బిందె మాకియ్యి" అంది.

"ఇప్పుడా వదినా? నీళ్లుండాయి దాంట్లో" అని గొణిగింది ఆ వియ్యపురాలు.

"ఉండనీ."

వియ్యపురాలు లోపలికి వెళ్లి నిండు బిందె మోసుకొచ్చింది. ఆమె ఒక్క చుక్క ఒలకనివ్వకుండా చంకకెత్తుకుంది. రెండో చేత్తో ఎముకల మూట తీసుకోబోతే నేను అందుకున్నాను. శ్మశానం దాకా వీధిలోంచి ఒక్క మగవాడు వెంట రాలేదు. హెడ్డు కానిస్టేబులు మాత్రం సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు, గుంట కూడా తనే తవ్వించాడు. ఆమె మూట విప్పి, ఆ బిందెలోని నీళ్లతో ఒక్కొక్క ఎముకనూ కడిగింది. ఎడమ చెయ్యి అన్నిటికంటే ఎక్కువసేపు కడిగింది.

గుంట పూడ్చాక నేను ఉండబట్టలేక అడిగాను. "ఒక్కరైనా తప్పయిపోయింది అన్నారా అమ్మా? ఒక్కరైనా? నేనూ తప్పు చేసినా. మగమనిషని రాసినా. నన్ను క్షమించు."

ఆమె ఖాళీ బిందె కడిగి బోర్లించింది.

"నీది కాయితం మింద ఉండె తల్లీ, కొట్టేసి మల్లా రాసినావు. వాళ్లు నోటితో అనింది యాడుండాదని కొట్టేస్తావు?" అంది. బిందె చంకన పెట్టుకుని, మగ్గాల వీధి దారి వదిలి, బుడ్డలు ఒలిచే మిల్లు వైపు నడిచింది.